ఓబుళేశు మట్టు

పోయిన వారం రమణిని సెమినార్ హాలు గుమ్మం దగ్గర నిలబెట్టి వదిలేశాను. పాపం, చేతిలో ఫైలు పట్టుకుని వారం రోజులుగా అక్కడే ఉంది. ఇంకా లోపలికి పంపకపోతే మీరు ఊరుకున్నా ఆ పిల్ల నన్ను ఊరుకోదు.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మైదుకూరు దాటాక కర్నూలు రోడ్డు మీదున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఇంజనీర్ల సొసైటీకి ఒక స్టూడెంట్ చాప్టర్ ఉంది. ఉంది అంటే, పదేళ్ళుగా గోడకు బోర్డు ఉంది. ఏడాదికొకసారి దీపం వెలిగించి, ఎవరో ఒకరికి శాలువా కప్పి, ఫోటో దిగి, ఆ ఫోటోను రాష్ట్ర కేంద్రానికి పంపడంతో దాని పని అయిపోయేది. ఆదోని అవతలి పల్లె నుంచి వచ్చిన రమణి మొదటి ఏడాదిలో అందులో చేరి, మూడో ఏడాదికి అధ్యక్షురాలై, మొదటి మీటింగులోనే మన పనేమిటని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి తనే వెతికింది. కాలేజీకి అయిదు కిలోమీటర్ల దూరంలోని నల్లమిట్ట ఊళ్ళో పన్నెండు పాత బావులున్నాయి. అన్నీ ఎండినవే. వాటిల్లో పూడిక ఎంతుందో, అది తీస్తే ఎంత వాన నీరు భూమిలోకి దిగుతుందో లెక్క కట్టాలి. ఒక్కొక్కరినీ బతిమాలి నలభై ఇద్దరు సభ్యుల్ని చేర్చింది, మూడు నెలలు బావుల చుట్టూ తిప్పింది, రిపోర్టు రాసి కేంద్రానికి పంపింది.

కేంద్రం వాళ్ళు అప్పటికే ఒక ఉత్తరం రాసి ఉన్నారు. ఈ ఏడాది నిజమైన పని చూపించకపోతే చాప్టర్ రద్దు అని. రిపోర్టు పరీక్షించడానికి విజయవాడ నుంచి శివాని మేడం వచ్చారు. ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టి రిటైరైన మనిషి. నచ్చితే మూడేళ్ళకు గుర్తింపు. నచ్చకపోతే బోర్డు దిగిపోతుంది. రిపోర్టు దొంగదని తేలితే మాత్రం అధ్యక్షురాలి పేరు కూడా సొసైటీ పుస్తకాల్లోంచి దిగిపోతుంది, మళ్ళీ ఎక్కదు.

రమణికి ఇంకో భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆమె అమ్మా నాన్నా నాగక్క, సోమన్న ప్రతి ఏడూ సుగ్గికి, అంటే కూలి పనుల వలసకి, పోయినట్టే ఈసారీ గుంటూరు వైపు మిరప చేలకు పోయారు. అక్కడ కాయలు కోస్తూ నాగక్క, మా పాప సొసైటీ ప్రెసిడెంటయిందని చెప్పని మనిషి లేదు. సొసైటీ అంటే అక్కడివాళ్ళకి యూరియా బస్తాలిచ్చే సొసైటీయే. అయినా ప్రెసిడెంటు ప్రెసిడెంటే కదా. ఆ మాట అమ్మ నోట్లోంచి వెనక్కి తీసుకోవలసి వస్తుందేమోనన్నది రమణి భయం.

సరే, లోపలికి పదండి.

హాలు నిండిపోయింది. వేదిక వెనక గోడకున్న పగులు కనబడకుండా స్వాగతం బ్యానరు కట్టారు. ఆ హాల్లో ఏ కుర్చీ నాలుగు కాళ్ళ మీదా సరిగ్గా నిలబడదు. విభాగాధిపతి నరసింహ సార్ తన కుర్చీ కింద మడతపెట్టిన కాగితం ఒకటి దోపుకుని కూర్చున్నారు. మంచివాడే, కానీ పని అంటే కొంచెం భయం. ఆయన ఫైల్లో ఇంకో కాగితం కూడా ఉంది. చాప్టర్‌ని మేమే స్వచ్ఛందంగా మూసుకుంటున్నామని టైపు చేయించిన కాగితం అది.

శివాని మేడం పద్నాలుగో పేజీ తీసి, నాలుగో నంబరు బావి వివరాలు గట్టిగా చదవమని రమణికి చెప్పారు. రమణి చదివింది. తవ్విన లోతు ముప్పై మూడడుగులు. ఇప్పుడు టేపుతో కొలిచిన లోతు ముప్పై ఎనిమిది. పూడిక అయిదడుగులు. మేడం ఇంకోసారి చదవమన్నారు. రెండోసారి చదువుతుండగా సగంలోనే రమణి వేలు ముప్పై ఎనిమిది మీద ఆగింది.

"పూడిక పడితే బావి లోతు తగ్గాలి కదమ్మా," అన్నారు మేడం. "మీ బావి అయిదడుగులు పెరిగింది. పన్నెండింట్లో పది బావులు ఇలాగే పెరిగాయి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.  ఆ పట్టిక రమణి సరిగ్గా చూడలేదు. లోతులన్నీ తనే ఫీల్డ్ బుక్కులో రాసింది, తీసివేతలు కంప్యూటర్లో జరిగాయి, మిడ్ పరీక్షల హడావిడిలో చివరి పేజీ మీద సంతకం పెట్టేసింది. మేడం మాత్రం గొంతు పెంచలేదు. హాస్టల్ గదిలో కూర్చుని రాసిన రిపోర్టులు తను చాలా చూశానని, అవి కూడా ఇంత అందంగానే బైండు చేసి ఉంటాయని చెప్పారు. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

నరసింహ సార్ ఇదే సమయమనుకున్నారు. ఈ బావుల గొడవ వద్దు, ఏదైనా సెమినారు పెట్టుకోండని తాను మొదట్లోనే చెప్పానని, పిల్లలు వినలేదని, ఇప్పుడు మనమే మూసేసుకుంటే మర్యాదగా ఉంటుందని, ఫైల్లోంచి ఆ కాగితం బయటికి తీశారు. రమణి దాని కేసి చూసింది. కింద తన పేరు టైపు చేసి, పైన సంతకానికి చోటు వదిలి ఉంది.

"సంతకం నేను పెట్టను సార్," అంది. తర్వాత మేడం వైపు తిరిగింది. "రిపోర్టు మీద సంతకం నాదే మేడం. తప్పుంటే తప్పు నాది. యాడ జరిగిందో నాకింకా తెలీదు. కానీ బావుల కాడికి పోయినాం, దిగినాం, కొలిచినాం. అది మాత్రం అబద్ధం కాదు."

అప్పుడు మూడో వరసలో హర్షవర్ధన్ లేచాడు. ఈ అబ్బాయి ఏదో ఒకటి చేస్తాడని మూడు వారాలుగా నాకు ఉత్తరాలు రాస్తున్న పాఠకులు ఇప్పుడు కొంచెం ముందుకు జరిగి కూర్చోవచ్చు. మైదుకూరులో పెద్ద రైతుల ఇంటి పిల్లాడు. అధ్యక్ష ఎన్నికలో రమణి చేతిలో మూడు ఓట్లతో ఓడిపోయి ఉపాధ్యక్షుడయ్యాడు. రమణి మాటల్లో డబ్బులకి బదులు దుడ్లు అనే మాట దొర్లినప్పుడల్లా హాస్టలంతా వినబడేలా అనుకరించి చూపించినవాడు వీడే.

"పట్టిక నేను చేసినా మేడం," అన్నాడు. "పూడిక దగ్గర మైనస్ గుర్తులు వచ్చినాయి. కంప్యూటరు తప్పేమో అనుకుని నేనే తీసేసినా. రమణికి చెప్పలేదు."

 వాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు. రమణి వాడి వైపు చూసింది. కోపం రావలసిన చోట ఆమెకి కోపం రాలేదు, వీడికి ఇంత ధైర్యం ఎక్కడిదని ఆశ్చర్యం వేసింది.

శివాని మేడం మాత్రం మొదటిసారి ముందుకు వంగారు. తీసేసిన మైనస్సులు ఎన్ని అని అడిగారు. పది అన్నాడు హర్ష. ఆమె పెన్నుతో బల్ల మీద రెండుసార్లు తట్టి, "దొంగ లెక్క రాసేవాళ్ళకి మైనస్ రాదు బాబూ, రానివ్వరు," అన్నారు. తర్వాత గడియారం చూసుకున్నారు. పదకొండున్నర. నాలుగింటికి తన కారు బయల్దేరుతుందని, ఆ మైనస్ ఎందుకొచ్చిందో అప్పటిలోగా చెప్పగలిగితే వింటానని, లేకపోతే నరసింహ గారి కాగితం తీసుకుని వెళ్తానని చెప్పారు.

రమణి వరండాలోకి వచ్చి ఫీల్డ్ బుక్కు తెరిచింది. హర్ష పక్కన వచ్చి నిలబడ్డాడు. వాణ్ణి తిట్టడానికి టైము లేదు. టేపు కొలతలు తప్పు కావు. రెండుసార్లు కొలిచారు. మరి తవ్విన లోతులు? అవి టేపుతో కొలిచేవి కావు, అడుగంతా పూడిపోయాక అసలు లోతు తెలిసేదెలా? ఆ బావులు తవ్విన ఓబుళేశు అనే ముసలాయన్ని అడిగి రాసుకున్నవి అవి. ఆయన ఒక్కో బావికీ మట్లు చెప్పాడు. నాలుగో నంబరు ఆరు మట్లు. రమణికి మట్టు కొత్త మాట కాదు, వాళ్ళ ఊళ్ళో బావులకీ అదే లెక్క. మనిషి నిలువు ఒక మట్టు, అయిదున్నర అడుగులు. ఆరు అయిదున్నరలు ముప్పై మూడు. కడప పిల్లలకి తెలియని లెక్క తనకు తెలుసని ఆ రోజు కొంచెం గర్వపడింది కూడా.

అనుమానం వచ్చి నాన్నకి ఫోను చేసింది. మిరప చేలో ఉన్న సోమన్న మూడోసారికి ఎత్తాడు.

"నాయనా, మట్టంటే ఎన్నడుగులు?"

"మట్టుకు అడుగులేందిమ్మా? మనూర్లో అయితే తలకాయి కాడికి, అయిదున్నర."

"అన్ని ఊర్లకూ అంతేనా?"

"ఎట్లుంటాది? మన కాడ మన్ను తాళ్ళతో లాగుతాం. ఆడ ఎట్ల తీస్తారో ఏమో. బాయి తవ్వినోని మట్టే బాయికి మట్టు. ఆయప్పనే అడుగు." తర్వాత గొంతు తగ్గించి, అమ్మకు చెప్పాల్సిందేమన్నా ఉందా అని అడిగాడు. సాయంత్రం చెప్తానంది రమణి.

హాల్లోకి పరిగెత్తుకుంటూ వెళ్ళి, జవాబు ఇక్కడ దొరకదని, నల్లమిట్టకి రావాలని మేడంని అడిగింది. భోజనాలు సిద్ధంగా ఉన్నాయని, ఎప్పుడూ పెట్టే బొరుగుల ఉగ్గాని కాకుండా ప్రత్యేకంగా రాగిసంగటి, నాటుకోడి చేయించామని నరసింహ సార్ అడ్డం పడ్డారు. వంతెనలు కట్టిన మనుషులకి ఎండలో ఆకలి చంపుకోవడం అలవాటేమో, మేడం అప్పటికే లేచి గొడుగు చేతిలోకి తీసుకున్నారు.

ఓబుళేశు ఇంటి ముందు నాపబండ మీద కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటాడు, భుజాలు మాత్రం ఇంకా పలుగు పట్టిన భుజాలే. కారు చూసి గబగబా లేచాడు. యూరియా వచ్చిందా అని అడిగాడు. మూడు నెలలుగా ఈ పిల్లలు సొసైటీ సొసైటీ అంటూ వస్తుంటే ఆయన వీళ్ళని ఆ సొసైటీ వాళ్ళే అనుకుంటున్నాడు. ఇప్పుడు కారులో పెద్దావిడ కూడా దిగేసరికి ఖాయమనుకున్నాడు. అది కాదని హర్ష నచ్చచెప్పబోతే, సరేలే అబ్బీ, వచ్చినప్పుడు మాత్రం మర్చిపోవద్దని మాట తీసుకున్నాడు.

"తాతా," అంది రమణి. "నాలుగో బాయి ఆరు మట్లంటివి గదా. మట్టంటే ఎంత?"

ఓబుళేశు ఆమె కేసి జాలిగా చూశాడు. ఇంత చదువుకుని మట్టు తెలియదా అన్నట్టుంది ఆ చూపు. మాటతో చెప్పలేదు. కొడవలి పక్కన పెట్టి, కాళ్ళు నేలకు తన్ని నిలబడి, రెండు చేతులూ తల మీదుగా నిటారుగా పైకెత్తాడు.

"ఇదీ మట్టు."

రమణికి అర్థమైంది. అయినా అడగాలి కాబట్టి, తలదాకా కాదా అని అడిగింది.

"తలకాడికే ఎత్తితే మన్ను పైకెట్ల పోతాది పాపా? నెత్తినే పడతాది," అన్నాడు ఓబుళేశు. "అడుగునున్నోడు గంప ఇట్ల ఎత్తల్ల. పైనోడు వంగి అందుకోవల్ల. వాడు ఆడ గోడలో పెట్టిన బండ మీద నిలబడి ఉంటాడు. వాడు మళ్ళ ఇట్ల ఎత్తుతాడు, వాని పైనోడు అందుకుంటాడు. మట్టుకొక బండ, బండకొక మనిషి."

మూడు నెలలు ఆ బావుల్లోకి తొంగి చూశారు, దిగారు, ఫోటోలు తీశారు. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన బండల్ని చూసి పాతకాలపు మెట్లు ఊడిపోగా మిగిలినవనుకున్నారు. వాటి మీద కాళ్ళు పెట్టి దిగింది కూడా వాళ్ళే.

నాలుగో బావి దగ్గరికి వెళ్ళారు. హర్ష కంప పక్కకి లాగి, గట్టున బోర్లా పడుకుని టేపు వదిలాడు. మేడం గొడుగు పారేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని వాడి పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. అంకె చదివే పని ఎవరికీ ఇవ్వలేదు, తనే చదివారు. మొదటి బండ ఏడున్నర అడుగుల దగ్గర ఉంది. రెండోది పదిహేను. మూడోది ఇరవై రెండున్నర. నాలుగోది ముప్పై. అయిదో బండ ముప్పై ఏడున్నర దగ్గర, పూడిక మట్టికి జానెడు కంటే తక్కువ ఎత్తులో, పిట్టల రెట్టతో తెల్లగా కనిపించింది. రమణి నోట్లోనే లెక్క వేసుకుంటోంది. ఆరు ఏడున్నరలు నలభై అయిదు. అందులో ముప్పై ఎనిమిది తీసేస్తే ఏడు. పూడిక ఏడడుగులు. మైనస్ లేదు.

మేడం ఇంకో బావి చూపించమన్నారు. తనకి నచ్చిన నంబరు తనే చెప్పారు, తొమ్మిది.

తొమ్మిదో బావిలో మొదటి బండ ఏడడుగుల దగ్గర ఉంది. ఏడున్నర కాదు. రెండోది పద్నాలుగు. హర్ష టేపు పైకి లాగి మళ్ళీ వదిలాడు. మళ్ళీ ఏడే. రమణికి ఇంత దూరం వచ్చి, ఇంత దగ్గరికి వచ్చి, అర అడుగు దగ్గర అంతా పోతుందా అనిపించింది. మేడం తల తిప్పి ఆమె కేసి చూశారు. 

వెనకాల తీరిగ్గా నడిచొచ్చిన ఓబుళేశు సంగతేమిటని అడిగాడు. హర్ష చెప్పాడు.

"అది మా నాయన తవ్వింది. ఇది నేను తవ్వింది," అన్నాడు ఓబుళేశు, ఇందులో తెలియకపోవడానికేముందన్నట్టు. "నాయన శానా పొడుగు. ఆయనది పెద్ద మట్టు, నాది చిన్న మట్టు. అందుకే గదా పాపా, రాసుకునేటప్పుడు ఏది ఎవురిదో చెప్పినా."

చెప్పాడు. నిజంగానే చెప్పాడు. రమణి ఫీల్డ్ బుక్కు వెనక్కి తిప్పింది. ప్రతి బావి ఎదురుగా, అంచున, తన చేతి రాతలోనే నాయన అనడానికి నా అని కొన్నింటికి, ఓబుళేశు అనడానికి ఓ అని కొన్నింటికి రాసి ఉంది. ముసలాయన వాళ్ళ నాన్నని తలుచుకుంటున్నాడనుకుని, మర్యాద కోసం రాసుకున్న అక్షరాలవి. తొమ్మిదో నంబరు పక్కన ఓ. నాలుగో నంబరు పక్కన నా. ఆ పేజీ తెరిచి మేడం ముందు పెట్టింది. 

హర్ష ఓబుళేశుని పంపు గది గోడకి ఆనించి నిలబెట్టి, చేతులు ఎత్తమని, మడమ నుంచి వేలి కొస దాకా టేపు పట్టాడు. ఆరడుగుల పదకొండంగుళాలు. ఒక అంగుళం తక్కువైందని చెప్పాడు. "అప్పుడింకా ఒంగలేదు అబ్బీ," అన్నాడు ఓబుళేశు, కొంచెం నొచ్చుకుని.

శివాని మేడం నవ్వేశారు. పొద్దుట్నుంచీ ఆమె ముఖంలో నవ్వు పట్టే చోటు ఉందని ఎవరూ అనుకోలేదు. కారు బానెట్ మీద రిపోర్టు పరిచి, రమణిని పక్కన నిలబెట్టుకుని, పన్నెండు బావులకీ మళ్ళీ లెక్క వేయించారు. నాన్న తవ్విన ఏడింటికి ఏడున్నర చొప్పున, ఓబుళేశు తవ్విన అయిదింటికి ఏడు చొప్పున. బానెట్ కాలిపోతోంది, కాగితం మీద చెమట బొట్లు పడుతున్నాయి. అంకెలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా వచ్చి కూర్చున్నాయి. పన్నెండుకి పన్నెండూ. ఒక్క మైనస్ లేదు. చివరి అంకె రాశాక రమణి దాని కింద రెండు గీతలు గీసింది.

కొత్త పట్టిక వేయండి, కానీ పాతది పారేయొద్దన్నారు మేడం. మైనస్ గుర్తులన్నీ తిరిగి పెట్టి, అవి ఎవరు తీశారో, ఎందుకు తీశారో కూడా రాసి, రిపోర్టు చివర అతికించమన్నారు. హర్ష తల ఊపాడు. రాష్ట్రంలోని అన్ని చాప్టర్లకీ ఈ రిపోర్టు పంపుతానని, మొదటి పేజీలో మట్టు అంటే ఏమిటో ఓబుళేశు పేరుతో ఉండాలని చెప్పారు. "పుస్తకంలో లేని కొలత ఇది. మీరు రాస్తే ఉంటుంది," అన్నారు రమణితో. తర్వాత బ్యాగులోంచి గుర్తింపు పత్రం తీసి, మూడేళ్ళని అంకె వేసి, ఆ వేడి బానెట్ మీదే సంతకం పెట్టారు. నరసింహ సార్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయనకే ఇవ్వమని హర్ష చేతికిచ్చారు. కుర్చీ కింద పెట్టుకోవడానికి పనికొస్తుందని కూడా అన్నారు.

నాలుగుంబావుకి కారు కర్నూలు రోడ్డు ఎక్కింది. రమణి అమ్మకి ఫోను చేసింది.  సోమన్న ఏం చెప్పాడో ఏమో, నాగక్కే ముందు అడిగింది, ప్రెసిడెంటు పదవి ఉన్నట్టా పోయినట్టా అని.

"ఉండాదిమ్మా," అంది రమణి. "మూడేళ్ళుంటాది."

అవతల నాగక్క ఆ మాటని చేలో అందరికీ వినబడేలా అరిచి చెప్పడం ఇవతలికి వినబడింది. రమణి ఏడ్చేసింది. హర్ష అటు తిరిగి టేపు చుట్టుకుంటూ, చుట్టిందే మళ్ళీ చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఆమె కళ్ళు తుడుచుకున్నాక, దుడ్లు మాట గురించి ఏదో చెప్పబోయాడు. రేపు చెప్పుకోవచ్చులే, పద అంది ఆమె.

ఇంతలో నరసింహ సార్ ఫోను. కబురు ఆయనకి అప్పుడే చేరింది. ఈ పిల్ల ఏదో ఒకటి సాధిస్తుందని తాను ముందే చెప్పానట. ఎవరికి చెప్పారో ఆయనకే తెలియాలి. రేపు పొద్దున పది గంటలకి సెమినార్ హాల్లో పెద్ద ఫంక్షను, కరస్పాండెంట్ గారు వస్తున్నారు, మొదటి ఏడాది పిల్లలు రెండొందల మందినీ కూర్చోబెడుతున్నాం, మళ్ళీ చేస్తానని పెట్టేశారు.

ఓబుళేశు కొడవలి భుజాన వేసుకుని వాళ్ళతో పాటు రోడ్డు దాకా వచ్చాడు. తన పేరు పుస్తకంలో వస్తుందన్న మాట ఆయనకి బాగా ఎక్కింది. ఇప్పుడు దాని గురించి ఆయనకి కొంచెం పట్టింపు కూడా వచ్చింది.

"మొత్తం ఎన్ని బాయిలు రాసినారు పాపా?"

పన్నెండని చెప్పింది రమణి. నాన్నవి ఏడు, నీవి అయిదు.

"నాయన తవ్వినవి ఎనిమిది గదా," అన్నాడు ఓబుళేశు. "ఈ ఊర్లో ఏడు. ఎనిమిదోది ఈడ కాదు, ఆ రోడ్డు పక్కన. నాయన తవ్విన వాటన్నిట్లోకీ పెద్దది, పది మట్లు. నీళ్ళు పడలేదు. పెద్దరెడ్డి ఆ చేను అమ్మేటప్పుడు లోపల కంప కొట్టేసి, పైపైన మన్ను కప్పి సదును చేయించినాడు. బాయి కడుపులో గట్టిగా రాయీ రప్పా నింపని పని అది. నేనప్పుడే వద్దంటి."

రమణి నడక ఆగింది. హర్ష ముఖం పాలిపోయింది. మైదుకూరులో పెద్దరెడ్డి అంటే వాళ్ళ తాత. ఆయన అమ్మిన చేను ఏదో వాడికి తెలుసు.

"యాడ తాతా అది?" అంది రమణి.

"మీ కాలేజీ కొత్త మేడ లేదా? మీరందరూ కుర్చీలేసుకుని మీటింగులు పెట్టుకుంటారే. సరిగ్గా దాని కిందే."

ఆ హాల్లో ఏ కుర్చీ నాలుగు కాళ్ళ మీదా నిలబడదు. బ్యానరు వెనక పగులు పోయిన ఏడాది వేలు పట్టేది, ఈ ఏడాది అరచెయ్యి పడుతోంది. రమణి రోడ్డు పక్కనే చతికిలబడి ఫీల్డ్ బుక్కు తెరిచింది. పన్నెండో నంబరు కింద పదమూడు అని రాసింది. అంచున నా అని రాసింది. తవ్విన లోతు, పది మట్లు, డెబ్బై అయిదు అడుగులు. పూడిక అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఫోను మోగింది. నరసింహ సారే. గొంతు హుషారుగా ఉంది. వెనకాల ఇనప కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"రమణీ, రేపటి దాకా ఎందుకని ఇప్పుడే రిహార్సల్ పెట్టించేశానమ్మా. పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. నువ్వెక్కడ?"